పొద్దున పరుగు, మధ్యాహ్నం నడక: ప్రాసెసర్ వేగం తగ్గితే ఏం చూడాలి

మే నెలలో తెలంగాణ సరిహద్దుకు ఆవల, మహారాష్ట్రలోని బల్లార్‌పూర్‌లోనో రాజురాలోనో సేతు (ప్రభుత్వ సేవల) కేంద్రానికి పొద్దున ఎనిమిదింటికి వెళ్లినవాళ్ల పని చకచకా అయిపోతుంది. మధ్యాహ్నం రెండింటికి వెళ్లినవాళ్లు మాత్రం సాత్‌బారా (భూమి రికార్డు) కాపీ ఒక్కటి చేతికి రావడానికి గంటసేపు బెంచీ మీద కూర్చోవాల్సి వస్తుంది. ‘సర్వర్ డౌన్’ అంటారు, ‘నెట్ స్లో’ అంటారు. చాలాసార్లు అది నిజమే. అయితే సర్వర్‌తోనూ నెట్‌తోనూ సంబంధం లేని పనులు కొన్ని ఉంటాయి. ఫొటో సైజు తగ్గించడం, స్కాన్ చేసిన కాగితాలను ఒక్క పీడీఎఫ్‌గా కూర్చడం, పేజ్‌మేకర్‌లో పెళ్లికార్డు దిద్దడం అలాంటివి. అవి కూడా సరిగ్గా ఆ గంటకే నత్తనడక పట్టాయంటే అనుమానం కంప్యూటర్ పెట్టె లోపలికి మళ్లాలి.

ఇటు ఒడిశా వైపు పర్లాకిమిడి డీటీపీ షాపుల్లో, గుణుపురం ఫొటో స్టూడియోల్లో, రాయగడ జిరాక్స్ సెంటర్లలో వినిపించేదీ ఇదే ఫిర్యాదు. దానికి దొరికే మందు కూడా ఒకటే: ‘ఫార్మాట్ కొట్టించు’. ఫార్మాట్ తర్వాత రెండు రోజులు బాగానే ఉన్నట్టనిపిస్తుంది, మళ్లీ మామూలే. అప్పుడు ర్యామ్ పెంచుతారు. అదీ పని చెయ్యకపోతే వచ్చిన ధరకు అమ్మేస్తారు. సిరొంచ నుంచి మంచిర్యాలకో, రాయగడ నుంచి విశాఖపట్నానికో మిషన్ మోసుకెళ్లి చూపించాలంటే ఒక రోజు పని పోతుంది, బస్సు ఛార్జీలు పోతాయి. వెళ్లినచోట ఏసీ గదిలో పెట్టి చూస్తే అది చక్కగా పరుగెడుతుంది. ‘ఏమీ లేదండీ, బాగానే ఉంది’ అని తిప్పి పంపుతారు. వాళ్లు చెప్పింది అబద్ధం కాదు. ఏసీ గదిలో అది నిజంగానే బాగుంటుంది. ఆ ఒక్క సంగతిలోనే సగం జవాబు ఉంది, కానీ ఎవరూ దాన్ని జవాబుగా తీసుకోరు.

రాసిన వేగం ఒకటి కాదు, రెండు

ముందుగా ఒక మాట తేల్చుకోవాలి. మన ఊళ్లలో ‘సీపీయూ’ అంటే టేబుల్ కింద ఉండే పెట్టె మొత్తం. ఇక్కడ మాట్లాడుతున్నది ఆ పెట్టె గురించి కాదు. దాని లోపల ఫ్యాన్ కింద కూర్చున్న చిన్న చిప్పు, ప్రాసెసర్ గురించి.

ఆ చిప్పుకు కంపెనీ రెండు వేగాలు చెబుతుంది. ఒకటి బేస్ స్పీడు. చిప్పులోని కోర్‌లన్నీ (విడివిడిగా లెక్కలు చేసే భాగాలు) ఎడతెగకుండా పనిచేస్తున్నా, చెప్పిన వాట్ల లోపల, సరైన చల్లదనం ఉంటే నిలబెట్టుకోగలిగిన వేగం అది. రెండోది టర్బో లేదా బూస్ట్. చల్లదనం, కరెంటు రెండూ అనుకూలిస్తే కాసేపు అందుకోగలిగిన గరిష్ఠం. ఇంటెల్ కోర్ ఐ5-10400 సంగతే చూస్తే బేస్ 2.9 గిగాహెర్ట్జ్, టర్బో 4.3. అంతకుముందు 2017లో వచ్చి, సెకండ్‌హ్యాండ్‌లో ఇప్పటికీ విరివిగా చేతులు మారుతున్న ల్యాప్‌టాప్ చిప్పు ఐ5-8250యూకు బేస్ 1.6, టర్బో 3.4. రెండింటి మధ్య రెట్టింపుకు మించిన తేడా. అమ్మేటప్పుడు పెద్ద అంకె చూపిస్తారు. వాడేటప్పుడు ఎక్కువసేపు కనిపించేది ఈ రెండింటి నడుమ ఎక్కడో ఒకచోట ఉంటుంది. 2.4 దగ్గర నడుస్తున్న 8250యూను చూసి ‘3.4 రావట్లేదు, పాడైపోయింది’ అనుకునేవాళ్లున్నారు. అది పాడవలేదు, బేస్‌కు పైనే ఉంది.

ఇంకో పొరపాటు దీనికి తిరగబడి ఉంటుంది. ఏ పనీ లేనప్పుడు చిప్పు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఇంటెల్ దీన్ని స్పీడ్‌స్టెప్ అంది, ఏఎండీ ఒకప్పుడు కూల్ ఎన్ క్వైట్ అంది. ఖాళీగా ఉన్న మిషన్‌లో 0.8 గిగాహెర్ట్జ్ కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. ఎద్దు నీడన పడుకున్నప్పుడు నడక వేగం కొలవలేం. పని పెట్టి కొలవాలి.

కోర్‌లను కూడేయడం మరో తప్పు. ‘నాలుగు కోర్‌లు, ఒక్కోటి 2.5, మొత్తం పది గిగాహెర్ట్జ్’ అని లెక్క చెప్పే దుకాణాలు ఉన్నాయి. నలుగురు కూలీలు గంటకు నాలుగు కిలోమీటర్ల చొప్పున నడిస్తే పదహారు కిలోమీటర్ల వేగం అవదు.

చివరిగా, మిషన్ నెమ్మదించడమూ ప్రాసెసర్ నెమ్మదించడమూ ఒకటి కాదు. పాత హార్డ్‌డిస్క్ ఉన్న కంప్యూటర్‌లో టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్క్ వరుసలో 100 శాతం, సీపీయూ వరుసలో 10 శాతం కనిపిస్తుంది. అక్కడ ప్రాసెసర్ చేసేదేమీ లేదు, డిస్క్ కోసం ఎదురుచూస్తోంది. అలాంటి మిషన్‌కు ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని వేగమైన డిస్క్) వేస్తే ప్రాణం లేచొస్తుంది. ఈ వ్యాసంలో మిగతాదంతా సీపీయూ వరుసలో వంద శాతం చూపిస్తూ కూడా వేగం పడిపోయిన మిషన్ల గురించే.

రెండు పూటల కొలత

వేగం తగ్గిన ప్రాసెసర్‌కు తను ఎందుకు తగ్గిందో తెలుసు. అడిగితే చెబుతుంది కూడా. అడగకుండా డబ్బు ఖర్చుపెట్టడమే అసలు నష్టం.

అడగడానికి ఉచితంగా దొరికే ప్రోగ్రాములు చాలు. వేగం, వేడి, వాట్లు ఒక్క తెర మీద చూపించడానికి హెచ్‌డబ్ల్యూఇన్ఫో, పని పెట్టడానికి సీపీయూ-జెడ్‌లోని ‘స్ట్రెస్ సీపీయూ’ బటన్. బటన్ నొక్కి పది నిమిషాలు వదిలి, మొదటి నిమిషంలోనూ పదో నిమిషంలోనూ మూడు అంకెలు కాగితం మీద రాసుకోవాలి. గదిలో గోడకు థర్మామీటర్ ఉంటే నాలుగో అంకె కూడా. ఒక్క వేగం అంకెతో ఏమీ తేలదు, ఈ నాలుగూ పక్కపక్కన ఉంటేనే కథ బయటపడుతుంది.

సరిహద్దు జిల్లాల్లో దీనికి ఒక మెట్టు కలపడం మేలు: ఇదే కొలత తెల్లవారుజామున ఐదింటికి ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి. మే నెల చంద్రపూర్ జిల్లాలో 45 డిగ్రీలు దాటే మధ్యాహ్నాలు కొత్త కాదు. అదే ఊళ్లో తెల్లవారుజామున అంతకు పదిహేను డిగ్రీలు తక్కువ ఉండొచ్చు. అంటే ప్రకృతి రోజూ రెండు ప్రయోగశాలలు ఉచితంగా ఇస్తోంది. పొద్దున వేగంగా నడిచి మధ్యాహ్నం కుంటితే నేరం వేడిది. రెండు పూటలా ఒకేలా కుంటితే వేడిని వదిలేసి సెట్టింగులనూ, ఛార్జర్‌నూ, బ్యాటరీనీ పట్టుకోవాలి. ఫార్మాట్ కంటే ముందు, స్క్రూడ్రైవర్ కంటే ముందు చేయాల్సిన పరీక్ష ఇది. పైసా ఖర్చు లేదు.

వేడి లెక్క

చిప్పులో పుట్టిన వేడి, దాని మీద పూసిన పేస్ట్ గుండా హీట్‌సింక్ అనే లోహపు రేకుల దిమ్మలోకి, అక్కడి రేకుల నుంచి గాలిలోకి పోవాలి. ఈ దారిలో ఎంత అడ్డు ఉందో ఒక్క అంకెలో చెప్పొచ్చు: ఒక్కో వాట్ వేడికి చిప్పు గది కంటే ఎన్ని డిగ్రీలు పైకి పోతుంది అని. కొత్తగా బిగించిన మామూలు డెస్క్‌టాప్ కూలర్‌కు అది ముక్కాలు డిగ్రీ అనుకుందాం. 65 వాట్ల చిప్పు గది కంటే 49 డిగ్రీలు పైన ఉంటుంది. గది 25 డిగ్రీలైతే చిప్పు 74. గది 43 అయితే చిప్పు 92. ఫ్యాన్ అదే, పేస్ట్ అదే, మిషన్ కొత్తదే. పెరిగిందల్లా గది వేడి.

ఇప్పుడు రేకుల్లో దుమ్ము చేరి ఆ అడ్డు వాట్‌కు 0.9 డిగ్రీలకు పెరిగిందనుకుందాం. అదే 65 వాట్లకు పైకెక్కేది 58 డిగ్రీలు. డిసెంబరులో గది 20 ఉంటే చిప్పు 78 దగ్గర హాయిగా ఉంటుంది. మేలో 43 ఉంటే 101. చాలా ఇంటెల్ చిప్పులకు 100 డిగ్రీలు గీసిన గీత. ఏఎండీ రైజెన్‌లలో చాలావాటికి 95, కొన్నింటికి 90. గీత తగలగానే చిప్పు తనను తాను కాపాడుకోవడానికి వేగం కోస్తుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. కాస్త చల్లబడగానే మళ్లీ పెంచుతుంది, మళ్లీ గీత తగులుతుంది, మళ్లీ కోస్తుంది. గ్రాఫ్‌లో చూస్తే రంపం పళ్లలా ఉంటుంది.

ఈ లెక్కలో జాగ్రత్తగా చూడాల్సింది ఒకటుంది. దుమ్ము మేలో చేరలేదు. వానాకాలం వెళ్లిన నాటి నుంచి చేరుతూనే ఉంది. చలికాలం దాన్ని కప్పిపుచ్చింది, అంతే. అందుకే ‘నిన్నటిదాకా బాగుంది, ఏప్రిల్‌లో ఉన్నట్టుండి స్లో అయింది’ అని అందరూ అంటారు. ఉన్నట్టుండి ఏమీ జరగలేదు.

దుమ్ము కూడా ఊరిని బట్టి మారుతుంది. బల్లార్‌పూర్, ఘుగ్గుస్, రాజురా చుట్టూ బొగ్గు గనులు. గడ్‌చాందూర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలు. గుణుపురం, రాయగడ పల్లెల్లో పత్తి. బొగ్గుపొడి సన్నగా రేకుల సందుల్లోకి దిగిపోతుంది. పత్తి నూగు మాత్రం ఫ్యాన్‌కూ రేకులకూ మధ్య దుప్పటి నేసినట్టు పరుచుకుంటుంది. ఈ దుప్పటి పై నుంచి చూస్తే కనపడదు. ఫ్యాన్ రెక్కలు శుభ్రంగానే కనిపిస్తాయి, తిరుగుతూనే ఉంటాయి, గాలి మాత్రం ఆవలికి పోదు. ఫ్యాన్‌ను హీట్‌సింక్ నుంచి విప్పి చూస్తేనే అది బయటపడుతుంది. ల్యాప్‌టాప్‌లోనైతే వేడిగాలి వదిలే పక్క కిటికీకి సరిగ్గా లోపల ఉంటుంది. బ్లోయర్‌తో బయటి నుంచి ఊదితే కొంత లోపలికే పోయి మరింత గట్టిగా ఇరుక్కుంటుంది. విప్పి, మెత్తటి పెయింట్ బ్రష్‌తో తీయడమే సరైన పద్ధతి. ఊదాల్సి వస్తే ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే గిర్రున తిరిగి బేరింగ్ పాడవుతుంది.

పర్లాకిమిడి, బరంపురం వైపు ఎండ అంత తీవ్రం కాదు గానీ తేమ ఎక్కువ. తేమలో దుమ్ము జిగురెక్కుతుంది. దానికి అగరబత్తి పొగ తోడైతే చెప్పక్కర్లేదు. పొద్దున షాపు తెరిచి మొదటి అగరబత్తిని మానిటర్ పక్కనే గుచ్చే అలవాటు చాలాచోట్ల ఉంది. దేవుడి పటం ఇంకో గోడకు మారితే మిషన్ లోపల ఆ పసుపురంగు జిడ్డు పేరుకోదు.

కొరాపుట్ సంగతి వేరు. దాదాపు 870 మీటర్ల ఎత్తు. అంత ఎత్తున గాలి కాస్త పలచనై, ఫ్యాన్ మోసుకుపోయే వేడి కొద్దిగా తగ్గుతుంది. కానీ కొండ మీది చల్లదనం ఆ లోటును పూడ్చి ఇంకా మిగులుస్తుంది. ఇక్కడ మిషన్ వేగం తగ్గిందంటే వాతావరణాన్ని అనుమానించే ముందు మిగతా కారణాలన్నీ చూడాలి.

పేస్ట్ గురించి రెండు మాటలు చాలు. ఏళ్లు గడిచేకొద్దీ ఎండి పగుళ్లిస్తుంది. పాతదాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, డెస్క్‌టాప్ చిప్పు నడిమధ్యలో బఠాణీ గింజంత పెడితే సరిపోతుంది. ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లదనం రాదు. దానికంటే తరచుగా కనిపించే తప్పు మరొకటి ఉంది. ఇంటెల్ డబ్బాలో వచ్చే కూలర్‌కు నాలుగు మూలల్లో నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి. శుభ్రం చేసి తిరిగి బిగించేటప్పుడు వాటిలో ఒకటి సరిగా దిగదు. కూలర్ వెంట్రుకవాసి వాలుతుంది. ‘సర్వీసింగ్ చేయించాక ఇంకా స్లో అయింది’ అనే కేసుల్లో ముందు వేలు పెట్టి చూడాల్సింది ఈ పిన్నుల మీదే. ఒక్కొక్కటి టక్కుమని చప్పుడయ్యేదాకా, ఎదురెదురు మూలలు జతగా నొక్కాలి.

విదర్భలో ‘కూలర్’ అంటే ముందు గుర్తొచ్చేది నీళ్ల కూలరే. గది చల్లబడటానికి అది మంచిదే. కంప్యూటర్‌ను మాత్రం దాని గాలికి ఎదురుగా పెట్టకూడదు. ఆ తడిగాలికి దుమ్ము ముద్ద కడుతుంది, తుంపర్లలోని ఉప్పులు బోర్డు మీద తెల్లగా మిగులుతాయి.

వోల్టేజీ మీద పడే నింద

‘వోల్టేజీ తక్కువుంది, అందుకే కంప్యూటర్ నెమ్మదిగా నడుస్తోంది’ అన్న మాట ఈ జిల్లాల్లో బలంగా పాతుకుపోయింది. బోరు మోటారు వోల్టేజీ తగ్గితే ఈడుస్తుంది, బల్బు మసకబారుతుంది, కాబట్టి కంప్యూటరూ అంతేనని అనుకోవడం సహజం. కానీ ప్రాసెసర్‌కు అందేది గోడ కరెంటు కాదు. పవర్ సప్లై దాన్ని 12 వోల్టులుగా మారుస్తుంది, మదర్‌బోర్డు ఆ 12ను ఒక వోల్టు అటూఇటూగా దించి చిప్పుకు ఇస్తుంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ మీద చదివితే 100 నుంచి 240 వోల్టుల దాకా పనిచేస్తుందని రాసి ఉంటుంది. గోడలో 170 ఉన్నా 230 ఉన్నా అవతలికి వచ్చేది ఒక్కటే. వోల్టేజీ మరీ పడిపోతే కంప్యూటర్ ఆగిపోతుంది, లేదా రీస్టార్ట్ అవుతుంది. అంతేగానీ 170 వోల్టులకు తగినంత వేగంతో తాపీగా నడవడం జరగదు. వేగం కోసం స్టెబిలైజర్ కొనడం వృథా.

అయితే ఆ నమ్మకం పుట్టడానికి కారణం లేకపోలేదు. వోల్టేజీ తగ్గితే సీలింగ్ ఫ్యాన్ నెమ్మదిస్తుంది, నీళ్ల కూలర్ నెమ్మదిస్తుంది, గది వేడెక్కుతుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు కూలర్ అసలే ఉండదు. గది నాలుగు డిగ్రీలు పెరిగితే చిప్పూ నాలుగు డిగ్రీలు పెరుగుతుంది, అంతకుముందే గీత అంచున ఉన్నది గీత దాటుతుంది. చూసినవాళ్లు చూసింది నిజం: వోల్టేజీ తగ్గింది, కంప్యూటర్ నెమ్మదించింది. మధ్యలో గది వేడి ఉందన్నది మాత్రం కంటికి కనపడలేదు. అందుకే మందు స్టెబిలైజర్ దగ్గర లేదు, గాలి ఆడే చోటికి పెట్టెను జరపడంలో ఉంది. గోడకు ఆనించిన వెనుక భాగాన్ని జానెడు ముందుకు లాగినా తేడా తెలుస్తుంది.

ముప్పై సెకన్ల ఉత్సాహం

పెళ్లి వీడియోలు కూర్చే స్టూడియోలవాళ్లు గమనించే వింత ఒకటుంది. ల్యాప్‌టాప్‌లో రెండర్ (కూర్చిన వీడియోను ఫైల్‌గా తయారుచేయడం) మొదలుపెట్టగానే జోరుగా సాగుతుంది, అర నిమిషం తర్వాత నెమ్మదిస్తుంది. వేడి చూస్తే 75 దాటి ఉండదు. ఇది లోపం కాదు, తయారీలోనే పెట్టిన నియమం. 8250యూ లాంటి చిప్పుకు రాసిపెట్టిన పరిమితి 15 వాట్లు. కాసేపు దాన్ని మించి తాగనిస్తారు, తర్వాత 15కు లాగేస్తారు. ఆ కాసేపు ఎంత, ఎన్ని వాట్లు అన్నది ల్యాప్‌టాప్ తయారీదారు నిర్ణయిస్తాడు. అందుకే ఒకే చిప్పున్న రెండు ల్యాప్‌టాప్‌లు ఒకే వీడియోకు వేర్వేరు సమయం తీసుకుంటాయి. వాట్ల అంకె 15 దగ్గర మేకు కొట్టినట్టు నిలిచి, వేగం బేస్‌కు పైన ఉంటే ఆ మిషన్ తన ఒప్పందాన్ని నిలబెట్టుకుంటున్నట్టే. రోజూ గంటల తరబడి రెండర్ చేసేవాళ్లకు అలాంటి సన్న ల్యాప్‌టాప్ సరైన ఎంపిక కాదు. ఆ డబ్బుకు 65 వాట్ల చిప్పున్న డెస్క్‌టాప్ ఎంతో ఎక్కువ పని లాగుతుంది.

తక్కువ కరెంటుతో ఎక్కువ పని చేయించడానికి చిప్పు వోల్టేజీని కొద్దిగా తగ్గించే పద్ధతి ఒకటుండేది. వాడే కరెంటు వోల్టేజీ వర్గంతో పాటు పెరుగుతుంది కాబట్టి కొంచెం తగ్గించినా వేడి బాగా దిగుతుంది. 2019 డిసెంబరులో ప్లండర్‌వోల్ట్ అనే భద్రతా లోపం బయటపడ్డాక చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ తలుపు బయోస్ (మదర్‌బోర్డులోని మూల ప్రోగ్రామ్) అప్‌డేట్‌తో మూసేశారు. యూట్యూబ్‌లో చూసింది చూసినట్టు చేసినా మీటలు కదలకపోవడానికి కారణం అదే.

చల్లగా ఉండి 0.8 దగ్గర ఆగిపోతే

అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టేది ఇదే. పని వంద శాతం ఉంది. వేడి 45 డిగ్రీలే. వాట్లు మూడో నాలుగో. వేగం మాత్రం 0.8 గిగాహెర్ట్జ్ దగ్గరో, 0.4 దగ్గరో గొలుసు వేసి కట్టినట్టుంటుంది. పొద్దునా అంతే, మధ్యాహ్నమూ అంతే. ఫార్మాట్ కొట్టినా అంతే.

ఇక్కడ చిప్పు తనంతట తాను తగ్గలేదు, బయటి నుంచి ఎవరో ఆపమన్నారు. ‘వేడెక్కింది, వేగం తగ్గించు’ అని చెప్పడానికి ప్రోక్‌హాట్ అనే తీగ ఒకటి ఉంటుంది. దాన్ని చిప్పే కాదు, మదర్‌బోర్డు మీది ఇతర భాగాలు కూడా లాగగలవు. లాగడానికి వాటికి రకరకాల కారణాలుంటాయి. ఎక్కువసార్లు కనిపించేది ఛార్జర్. కొన్ని ల్యాప్‌టాప్‌లు ఛార్జర్‌ను గుర్తుపట్టి, అది ఎన్ని వాట్లదో తెలుసుకుని, దాన్ని బట్టి నడుస్తాయి. పిన్ను వంగినా, వైరు లోపల తెగినా, అసలు ఛార్జర్ పోయి సంతలో దొరికిన మరో ఛార్జర్ పెట్టినా ఆ గుర్తింపు జరగదు. అప్పుడు బ్యాటరీ ఛార్జ్ అవ్వకపోవచ్చు, వేగం మాత్రం పాతాళానికి పడుతుంది. రెండో అనుమానితుడు బ్యాటరీ. చచ్చిన బ్యాటరీని తీసేసి ఛార్జర్ మీదే నడిపితే, ఒక్కసారిగా కరెంటు ఎక్కువ కావాల్సి వచ్చినప్పుడు ఆదుకునేది ఉండదని కొన్ని మోడళ్లు ముందుజాగ్రత్తగా వేగం తగ్గిస్తాయి. మూడోది బోర్డు మీద ఎక్కడో చెడిన వేడి సెన్సర్.

పరీక్ష తేలిక. ఛార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపి చూడాలి. వేగం వెంటనే లేస్తే దొంగ ఛార్జరే. అదే మోడల్ వాడే మరొకరి ఛార్జర్ అడిగి ఐదు నిమిషాలు పెట్టి చూస్తే ఖాయమవుతుంది. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ వరుసలో కెర్నెల్ ప్రాసెసర్ పవర్ పేరుతో 37వ నంబరు హెచ్చరికలు ఉన్నాయేమో వెతకాలి. ఫర్మ్‌వేర్, అంటే బయోస్ లాంటి మూల ప్రోగ్రామ్, వేగాన్ని పరిమితం చేస్తోందని ఆ హెచ్చరిక అర్థం. ఇంటెల్ చిప్పులకు థ్రాటిల్‌స్టాప్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ‘లిమిట్స్’ అనే కిటికీ ఉంది. ఏ పరిమితి అడ్డుపడుతోందో రంగుతో చూపిస్తుంది. బయటి నుంచి వచ్చే ఆ సంకేతాన్ని పట్టించుకోవాలో వద్దో చెప్పే గడి కూడా అందులోనే ఉంది. టిక్కు తీస్తే మిషన్ లేచి కూర్చుంటుంది. సెన్సర్ చెడిందని రూఢి అయితే తప్ప దాన్ని శాశ్వతంగా అలా వదలడం మంచిది కాదు. ఆ సంకేతం నిజంగానే బోర్డు కాలిపోకుండా ఆపుతూ ఉండొచ్చు.

అంకె సరిగ్గా బేస్ దగ్గర ఆగితే

వేడి లేదు, వాట్ల పరిమితీ తగల్లేదు, 10400 మాత్రం 2.9 దాటి కదలదు. ఇలా సరిగ్గా బేస్ అంకె దగ్గర ఆగితే టర్బో ఎవరో ఆపేశారని అర్థం. కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో ‘మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్’ 99 శాతం దగ్గర ఉందేమో చూడాలి. ఒక్క శాతమే కదా తగ్గింది అనిపిస్తుంది గానీ, వందకు దిగువన ఏ అంకె పెట్టినా టర్బో మూతపడుతుంది. అక్కడ సరిగానే ఉంటే బయోస్‌లో టర్బో గడి చూడాలి. లైనక్స్ వాడేవాళ్లు గవర్నర్ (వేగాన్ని నిర్ణయించే సెట్టింగ్) ఏదో చూడాలి. కొత్త ఇంటెల్ డ్రైవర్‌లో ‘పవర్‌సేవ్’ అని ఉన్నా వేగం అవసరాన్ని బట్టి పెరుగుతుంది. పాత డ్రైవర్‌లో అదే పేరుంటే అట్టడుగునే ఉండిపోతుంది.

ఈ 99 శాతాన్ని ఎప్పుడూ తప్పుగా చూడనక్కర్లేదు. మే మధ్యాహ్నం రేకుల షెడ్డులో నడిచే మిషన్ 4 గిగాహెర్ట్జ్‌కు ఎగిరి, గీత తగిలి, 1.5కు పడి, మళ్లీ ఎగిరే బదులు నిలకడగా 2.9 దగ్గర నడిస్తే పని ముందే అవుతుంది. ఫ్యాన్ గోల తగ్గుతుంది, బోర్డు మీది కెపాసిటర్లు ఎక్కువ కాలం బతుకుతాయి. మార్చి నుంచి జూన్ దాకా 99, వానలు పడ్డాక 100. ఏసీ పెట్టలేని షాపుకు ఇది చక్కటి ఏర్పాటు.

పాత మిషన్లలో

స్కూళ్లలో, చిన్న ప్రెస్సుల్లో ఇరవై ఏళ్లు దాటిన కంప్యూటర్లు ఇంకా కొన్ని తిరుగుతున్నాయి. వాటి కథ పూర్తిగా వేరు. అప్పట్లో వేగం రెండు అంకెల గుణకారం, అందులో ఒకటి బయోస్‌లోనో, బోర్డు మీది జంపర్ అనే చిన్న తొడుగుతోనో పెట్టాల్సి వచ్చేది. ఏఎండీ అథ్లాన్ ఎక్స్‌పీ 1800+ అసలు వేగం 1533 మెగాహెర్ట్జ్, అంటే 133ను పదకొండున్నరతో హెచ్చవేసినది. బోర్డు మీది కాయిన్ బ్యాటరీ అయిపోతే బయోస్ సెట్టింగులు చెరిగిపోయి, కొన్ని బోర్డులు ఆ 133 బదులు 100 పట్టుకుంటాయి. అప్పుడు చిప్పు 1150 దగ్గర నడుస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను ముంచెత్తినప్పటిలా కరెంటు చాన్నాళ్లు లేకపోతే, అరిగిన బ్యాటరీ ఆ మధ్యలో ఖాళీ అవుతుంది. తేదీ, సమయం వెనక్కి పోయి ఉంటే అదే ఆనవాలు. సీఆర్2032 బ్యాటరీ ఫ్యాన్సీ షాపులోనూ దొరుకుతుంది. మార్చి, బయోస్‌లోకి వెళ్లి అంకె సరిచేస్తే చాలు.

సెకండ్‌హ్యాండ్ కొనేముందు

నాగపూర్ నుంచో విశాఖ నుంచో వచ్చే సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా చలికాలంలో, పంట డబ్బు చేతికొచ్చాక కొంటారు. కొనేచోటే పది నిమిషాల కొలత చేయనివ్వమని అడగాలి. ఒకసారి ఛార్జర్‌తో, ఒకసారి ఛార్జర్ లేకుండా. ఒప్పుకోని దుకాణంలో కొనకపోవడమే మంచిది. పదో నిమిషంలో వేగం బేస్‌కు పైన ఉండాలి. వేడి అంకెను మాత్రం ఉన్నదున్నట్టు నమ్మకూడదు. దుకాణంలో గది 22 డిగ్రీలుంటే, బల్లార్‌పూర్‌లో మే మధ్యాహ్నం ఇంట్లో 42 ఉంటుందనుకుని ఇరవై కలపాలి. ఇప్పుడు 70 చూపిస్తే మేలో 90, గట్టెక్కుతుంది. ఇప్పుడే 85 చూపిస్తే మేలో లెక్క ప్రకారం 105. ఆ అంకె తెర మీద ఎప్పటికీ కనపడదు, చిప్పు 100 దగ్గరే ఆగి ఆ మిగిలిన ఐదు డిగ్రీలనూ వేగం కోసి చెల్లిస్తుంది. అలాంటిదాన్ని కొనాల్సే వస్తే శుభ్రం చేసి పేస్ట్ మార్చే ఖర్చును ధరలోంచి తగ్గించుకుని, ఆ పని ఫిబ్రవరిలోపే చేయించుకోవాలి.